ఎడమచేతి గిన్నె

నేను ఒక అచ్చురాయిని. పుట్టింది జర్మనీ దేశపు గనిలో. ఓడ దిగి చెన్నపట్నం చేరిన నన్ను చూసి రేవులో కూలివాళ్లు ఏ దొర సమాధికో తెచ్చిన పలక అనుకున్నారు. వాళ్లను తప్పుపట్టను. పాలిపోయిన రంగు, నాలుగు వేళ్ల మందం, ఇద్దరు మోసినా నడుము విరిగే బరువు. చూడగానే నవ్వొచ్చే వాలకం కాదు నాది. అయినా పదకొండేళ్లు జనాన్ని నవ్వించడమే నా ఉద్యోగం అయింది.

నన్ను కొన్న రంగశాయిగారు 'వక్రదర్శిని' అనే మాసపత్రిక నడిపేవారు. రాసేదీ ఆయనే, వెక్కిరింత బొమ్మలు గీసేదీ ఆయనే. జిడ్డు మసితో నా ఒంటి మీద దొరల మీసాలు, వకీళ్ల తలపాగాలు, జమీందార్ల బొజ్జలు గీసేవారు. అచ్చు కాగితం మీద తిరగబడి పడుతుంది కనుక నా మీద అన్నీ కుడి ఎడమలు మార్చి గీయాలి. పని అయ్యాక ఇసుక, నీళ్లు చల్లి, ఇంకో రాయితో నన్ను రుద్ది పాత బొమ్మ చెరిపేస్తారు. అలా ఎందరు గొప్పవాళ్లు నా వీపున పుట్టి పోయారో. మనిషికి తన బొమ్మ చూస్తే ఒళ్లు మంట, పక్కవాడి బొమ్మ చూస్తే పొట్ట చెక్కలు.

ధాత నామ సంవత్సరపు కరువు నాడు రుద్దే పనికి ఓబన్న చేరాడు. కడప సీమ నుంచి నడిచి వచ్చినవాడు. దారిలో భార్య పోయింది. ఊరి బయట సర్కారు గంజి పోసే దొడ్డిలో ఇరవై రెండు రోజులు వరసలో నిలబడి పదేళ్ల కూతురు తిప్పమ్మ పోయింది. ఓబన్న ఈ మాట ఒక్కసారే చెప్పి, మళ్లీ ఎత్తలేదు.

ఆ నెల రంగశాయిగారు ఆ దొడ్డి మీదే బొమ్మ గీశారు. అధికారి విశ్వపతిరావుకు బానంత పొట్ట, చేతిలో ఉగ్గుగిన్నెంత గరిటె, ఎదురుగా ఎముకల వరస. వరస చివర, నా కింది మూలన, గిన్నె చాచిన ఒక పిల్ల. ఓబన్న పనిలో చేరకముందు దొడ్డి చూడబోయిన రోజున ఆయన కళ్లలో పడ్డ పిల్ల అది. ఆ ముఖం మనసులో నుంచి పోక, చూసింది చూసినట్టే గీసేశారు. కుడి ఎడమలు మార్చడం మరిచారు.

మర్నాడు ఓబన్న నా ముందు గొంతుక్కూర్చుని ఆ మూలకేసి వేలు చూపించాడు.

"మా తిప్పమ్మ సామీ," అన్నాడు.

రంగశాయిగారు అచ్చయిన పత్రిక ఒకటి తీసి ఇచ్చారు. ఓబన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కి ఇచ్చేశాడు. "ఈ కాయితంలో ఉండేది వేరే బిడ్డ సామీ. గిన్నె కుడిసేత్తో పట్టుకోనుంది. మా పాపది ఎడమసేతి వాటం. రాయి మింద ఉండేదే మా బిడ్డ."

పట్నం ఆ బొమ్మ చూసి విరగబడి నవ్వింది. నాకు మాత్రం ఆ నవ్వు సహించలేదు. విశ్వపతిరావు పత్రికలన్నీ పట్టించి తగలబెట్టించాడు. నెల తిరగకముందే, కరువులో చేసిన సేవకు మెచ్చి సర్కారు ఆయన్ని రావుబహద్దూరును చేసింది. ఆయన సన్మానపత్రం, నిలువెత్తు బొమ్మతో సహా, ఈ అచ్చుకూటంలోనే వేయాలని, లేదంటే తలుపులకు తాళమేనని కబురు వచ్చింది.

"ఒప్పుకున్నానోయ్ ఓబన్నా," అన్నారు రంగశాయిగారు, వాడి ముఖం చూడకుండా. "రాయి రుద్దేయి."

అంత బొమ్మకు సరిపోయే రాయిని నేనొక్కదాన్నే. ఓబన్న రుద్దాడు. పొట్ట పోయింది, గరిటె పోయింది, వరస పోయింది. మూలకు వచ్చేసరికి వాడి చెయ్యి తేలిపోయింది. పైపైన నీళ్లు పోసి లేచాడు. నా లోపలికి ఇంకిన జిడ్డు ఇంకిన చోటే ఉండిపోయింది; పైకి కనబడదు కానీ, సిరా పూస్తే పట్టుకుంటుంది.

రంగశాయిగారు కొత్త బొమ్మ గీసి సిరా పూయించాక మొదటి కాగితం లేచింది. రావుబహద్దూరుగారి పతకాలకు దిగువ మూలన, పొగలా పలచగా, గిన్నె చాచిన పిల్ల.

"రుద్దలేకపోతిని సామీ," అన్నాడు ఓబన్న తల వంచుకుని.

రంగశాయిగారు కాగితం పట్టుకుని నిలబడ్డారు. ఇసుక తెమ్మంటారనుకున్నాను. "తక్కినవీ వెయ్యండి," అన్నారు. అది ధైర్యమో, సిగ్గో నాకు ఈనాటికీ తెలియదు. మూడు వందల కాగితాలు సన్మాన సభకు వెళ్లాయి.

తెల్లారి విశ్వపతిరావు పోలీసులతో వచ్చాడు. రంగశాయిగారి చేతులు కట్టించి, నా మీదికి వంగాడు.

"ఎవర్రా ఈ పిల్ల? నేనెన్నడూ చూడలేదే."

ఇరవై రెండు రోజులు ఆయన గరిటె ముందు నిలబడ్డ పిల్ల. నాకు నోరుంటే చెప్పేదాన్ని. ఆయన ఓబన్న వైపు తిరిగి, "నీకు తెలుసా?" అని అడిగాడు.

విశ్వపతిరావు వెనక నుంచి రంగశాయిగారు వద్దన్నట్టు తల ఆడించారు. ఓబన్న ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు.

"నాకు తెల్దు సామీ."

"అయితే రుద్దు. నా కళ్ల ముందే."

ఓబన్న రుద్దాడు. ముందు కాళ్లు, తరవాత గిన్నె, గిన్నె పట్టిన చెయ్యి. ముఖం దగ్గర పైరాయి పక్కన పెట్టి, ఒట్టి అరచేత్తో ఇసుక పట్టి రుద్దాడు. ఇసుక నీళ్లు ఎర్రబడ్డాయి. చాలు చాలని పోలీసులు లాగినా వాడు ఆపలేదు.

రంగశాయిగారు జైల్లోనే జబ్బుచేసి పోయారు. ఓబన్న ఆ సాయంత్రం గుమ్మం దాటినవాడు మళ్లీ రాలేదు. అచ్చుకూటం సామాను తలా ఒకరూ పట్టుకుపోతే, నన్ను ఎవరో పెరట్లో నూతి దగ్గర బట్టలుతికే బండగా వేశారు. ఇప్పటికీ అక్కడే ఉన్నాను. నా మీద ఎన్ని నీళ్లు పోసినా ఇట్టే జారిపోతాయి, ఆ మూలన తప్ప. వాడు రుద్దిన చోట చిన్న గుంట పడింది. అందులో గిన్నెడు నీళ్లు నిలుస్తాయి.