ఆఖరి పద్యం దగ్గర రెండు జేబురుమాళ్లు

పోయి ఏడాది తిరక్కముందే శేషారత్నానికి మళ్లీ వేషం వస్తుంది.

ఆ సంగతి చెప్పడానికి నిరంజన్ అనే కుర్ర దర్శకుడు తెనాలిలో వాళ్ల ఫ్లాటుకి వస్తాడు. ఎన్నో ఏళ్లుగా ఎవరూ ముట్టుకోని ‘విద్యుల్లత’ పద్యనాటకాన్ని ఈ కాలానికి తగ్గట్టు కొత్తగా వేస్తున్నాడు. రాణి వేషం మాత్రం ఒకప్పుడు కట్టినావిడే కట్టాలంటాడు. శేషారత్నం భర్త భావనారాయణ గారు ఆలోచించి, నాటకం రోజే ఆవిడ సంవత్సరీకమనీ, వంటవాళ్లకి కూడా చెప్పేశాననీ అంటారు. భోజనాలు పగలు, నాటకం సాయంత్రం, ఇబ్బందేముంది అంటాడు నిరంజన్. అదీ నిజమే.

“ఒక్క షరతండీ,” అంటాడు గుమ్మం దాటుతూ. “పాతకాలంలోలా వన్స్ మోర్లు కుదరవు. కొత్త నాటకంలో చచ్చినవాళ్లు లేవరు. తెర పడగానే ఆవిడ వెళ్లిపోవాలి.”

భావనారాయణ గారు తలూపుతారు. ఎవరేం చెప్పినా ముందు తలూపి, తర్వాత తీరిగ్గా బాధపడటం ఆయన అలవాటు.

పాతకాలంలో రాణి ఆఖరి పద్యం పాడి ప్రాణం విడిచేది. జనం వన్స్ మోర్ అని కేకలు పెట్టేవాళ్లు. శేషారత్నం లేచి, చీర దులుపుకుని, మళ్లీ పాడి మళ్లీ చనిపోయేది. ఊరిని బట్టి నాలుగైదుసార్లు కూడా చనిపోయేది. ముందు వరసలో కూచున్న భావనారాయణ గారు మాత్రం ఏ ఊళ్లోనూ నోరు విప్పలేదు. సొంత పెళ్లానికి వన్స్ మోర్ కొడితే నలుగురూ ఏమనుకుంటారు? ఆస్పత్రిలోనూ ఆయన ఏమీ అనలేదు. మంచం చుట్టూ బత్తాయిల సంచులతో చుట్టాలున్నారు.

సంవత్సరీకం భోజనాలయ్యాక ఒక కునుకు తీసి లేచేసరికి ఇంట్లో సామాను ఉండదు. సోఫా, ఫ్రిజ్జు, టీవీ బల్ల ఒకదాని వెనక ఒకటి మెట్లు దిగుతుంటాయి. లిఫ్టు జోలికి పోవు. లిఫ్టులో సామాను ఎక్కించరాదని అసోసియేషన్ వాళ్లు బోర్డు పెట్టారు. భావనారాయణ గారు ఖాళీ ఇంటికి తాళం వేసి, గుంజి చూసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ గుంజి చూసి, వాటి వెంట నాటకం వేసే కళామందిరానికి నడుస్తారు.

అక్కడ ఒక కుర్చీలో తను కూచుని, ఆఖరి పద్యానికని తెచ్చుకున్న రెండు జేబురుమాళ్లలో ఒకటి పక్క కుర్చీలో వేస్తారు. దానికి అవతల, వాళ్ల పక్క ఫ్లాటు సామ్రాజ్యం గారు కూచుని ఉంటారు.

“ఇక్కడెవరొస్తున్నారు అన్నయ్యగారూ?”

“మీ వదిన.”

“ఆవిడ స్టేజీ మీద కదా ఉండేది.”

“అయిపోయాక కూచోవద్దూ?”

సామ్రాజ్యం గారు రుమాలు అంచు సర్ది తన చేతిసంచి అటు జరుపుకుంటారు.

తెర లేస్తుంది. అంతఃపురం ఉండాల్సిన చోట భావనారాయణ గారి ముందుగది ఉంటుంది. ఫ్రిజ్జు పిడికి అల్లిక తొడుగు, రిమోటుకి ప్లాస్టిక్ కవరు, గోడకి చిరిగిన కేలండరు. సోఫా గలీబులు ఉతికించి ఉండాల్సిందని సామ్రాజ్యం గారు మెల్లగా అంటారు. ఆయనకి తల కొట్టేసినట్టవుతుంది.

శేషారత్నం లోపల్నుంచి వస్తుంది. కిరీటం లేదు. ఆస్పత్రికి కట్టుకెళ్లిన నీలం నేతచీరే కట్టుకుంది. పాత నాటకంలో రాజు యుద్ధానికి పోయేవాడు. కొత్తదాంట్లో ఆఫీసుకి పోయాడు, ఆఖరిదాకా కనిపించడు. రాణి చారు వెచ్చబెడుతూ, స్టవ్వు తగ్గిస్తూ, గుమ్మం వైపు చూస్తూ పద్యాలు పాడుతుంది. గొంతేమీ మారలేదు. కాస్త తడిగా ఉంది, అంతే. రాగం పైకి వెళ్లినప్పుడల్లా ఫ్రిజ్జు తన మోత ఆపి వింటుంది.

ఆఖరి పద్యం అవుతుంది. ఆవిడ సోఫా మీద వాలి, చీర పాదాల దాకా లాక్కుని, ప్రాణం విడుస్తుంది. తెర దిగడం మొదలవుతుంది.

భావనారాయణ గారు దగ్గుతారు. మళ్లీ దగ్గుతారు. తెర సోఫా వీపు దాకా వచ్చేస్తుంది.

“వన్స్ మోర్,” అంటారు, ఇంకెవరో అన్నట్టు పక్కకి చూస్తూ.

తెర ఆగి పైకి పోతుంది. శేషారత్నం లేచి, చీర దులుపుకుని, హార్మోనియం వైపు ఒకసారి చూసి, అందుకుంటుంది. నడవలో నిలబడ్డ నిరంజన్ రెండు చేతులతో తల పట్టుకుంటాడు.

ఆవిడ చనిపోతుంది. ఆయన మళ్లీ అంటారు. ఈసారి పక్కకి చూడరు.

లేచిన ప్రతిసారీ చీర ఒక ఉతుకు వెలుస్తుంది. చనిపోయిన ప్రతిసారీ హాల్లో ఒక వరస లేచి, ఎవరి కుర్చీ వాళ్లు భుజానికెత్తుకుని ఇంటికి పోతుంది. ఒకరికి కుళాయి వచ్చే వేళ. ఒకరు పప్పు నానబోసి వచ్చారు. నిరంజన్ కూడా పోతాడు, అతనికి కుర్చీ లేదు కాబట్టి తలే పట్టుకుని.

చివరికి సామ్రాజ్యం గారు లేస్తారు. “పడుకోనివ్వండి అన్నయ్యగారూ. అలిసిపోయింది.”

“ఈ ఒక్కసారే చెల్లెమ్మా.” కిందటిసారి కూడా ఆయన అదే అన్నారు.

ఆవిడ తన కుర్చీ తీసుకుని వెళ్లిపోతారు. హాల్లో రెండు కుర్చీలు మిగులుతాయి. చీర ఇప్పుడు తెల్లగా ఉంది.

పద్యం సగంలో శేషారత్నం ఆగి, స్టేజీ అంచుకి వస్తుంది.

“ఏవండీ, గొంతు ఆరిపోతోంది. కాసేపు మీరు పడుకోండి, నేను కూచుంటా.”

“నాకు పద్యం రాదుగా.”

“పడుకోడానికి పద్యం దేనికి? అది లేచేవాళ్లకి.”

అందులో తప్పేమీ కనపడదు. భావనారాయణ గారు చెప్పులు విప్పి, ఎవరూ ఎత్తుకుపోకుండా ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల పెడతారు. మెట్లెక్కి సోఫా మీద పడుకుంటారు. సోఫా చల్లగా ఉంటుంది. ఆవిడ కిందికి దిగి, జేబురుమాలు తీసి, మడతపెట్టి ఒళ్లో ఉంచుకుని, ఆ కుర్చీలో కూచుంటుంది.

తెర దిగడం మొదలవుతుంది. ఇప్పుడు ఆవిడ ఒక్క మాట అంటే చాలు.

శేషారత్నం కుడివైపు చూస్తుంది. ఎడమవైపు చూస్తుంది. ఎవరూ లేరు. లేనంత మాత్రాన నోరు విప్పేస్తారా? పద్యంలో తప్ప ఆవిడ ఏనాడూ నలుగురిలో గొంతెత్తి ఎరగదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

ఆయన కదలకుండా, శవం ఎలా ఉండాలో అలాగే ఉంటారు. కళ్లు మూసుకునే చూస్తుంటారు. తెర ఆయన ముఖం దాకా వస్తుంది. దాని నుంచి నీళ్లు కారుతున్నాయి, ఇప్పుడే ఉతికి ఆరేసిన చీర వాసన.

శేషారత్నం చెంగు తీసి నోరు తెరుస్తుంది.

ఆ నోటి లోపల ఒక హాలుంది. ఒక్క దీపం వెలుగుతోంది. వరసలు వరసలుగా కుర్చీలు, ప్రతి కుర్చీలోనూ ఒక జేబురుమాలు, నాలుగు మడతల మీద, మూలన ఆయన చాకలి గుర్తుతో. ఒక్కటీ ఇంకా ఎవరూ తీయలేదు.