రెండు కొడవళ్ళ పేరు

గేటుకు అడ్డంగా ఉన్న ఇనుప బద్దను భోజన్న ఎడమ భుజంతో పైకి లేపి, కొక్కేనికి తగిలించి, కలప లారీని లోపలికి వదిలాడు. డ్రైవరు చెయ్యెత్తి సలాం చేస్తే తలాడించాడు. కుడి చెయ్యి తొడ పక్కన వేలాడుతూనే ఉంది. ఎవరో కాసేపు పట్టుకోమని ఇచ్చి మరిచిపోయిన సంచిలాగా పది నెలలుగా అది అలాగే వేలాడుతోంది.

అరబ్బు దేశంలోని దారీన్ రేవులో పడవలు బాగుచేసే ఆ యార్డులో పొద్దున ఆరింటికే ఎండ చురుక్కుమంటుంది. ఒడ్డున వరసగా ఫైబరు బోట్లు. వాటి మధ్య కొయ్య లాంచి ఒక్కటే, దిమ్మెల మీద నిలబెట్టి ఉంది. భోజన్న లారీ వెనకాలే బద్ద దించి, ఆ లాంచి ముక్కు వైపు చూశాడు. పేరు ఉండాల్సిన చోట స్టిక్కరు చిరుగులు గాలికి టపటప కొట్టుకుంటున్నాయి. అదే చాలన్నట్టు గేటు గదిలోకి వెళ్ళి, మంచం కింద నుంచి తారపీన్ సీసా, నీలం ఎనామిల్ డబ్బా, గుడ్డలో చుట్టిన మూడు కుంచెలు ఒక్కొక్కటే బయటపెట్టాడు.

ఆ రోజు రాత్రి అతనికి దమ్మాంలో ఫ్లైటు. పని ముగించి దేశం వదిలిపొమ్మనే ఎగ్జిట్ పడి వారమైంది. బట్టల సంచీ సర్దుకుని తలుపు దగ్గర పెట్టుకున్నాడు.

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి ముప్పై ఒకటో ఏట ఇళ్ళకు రంగులు వేసే పని మీద వచ్చాడు భోజన్న. కంపెనీవాళ్ళు ఇళ్ళకు బదులు ఈ యార్డుకు పంపారు. మొదటి రెండేళ్ళు పడవల అడుగున వెల్లకిలా పడుకుని, మొహం మీద చుక్కలు పడుతుంటే ఎర్రరంగు పూశాడు. అప్పట్లో పేర్లు రాసే పని పీర్ సాహెబ్‌ది. హైదరాబాదులో దుకాణాల బోర్డులు రాసి వచ్చిన మనిషి. ఒకరోజు భోజన్న టేపు అంటించకుండానే ఒక లాంచి చుట్టూ నీటిమట్టం చూపే గీత గీశాడు. ముక్కు దగ్గర మొదలైన గీత చుట్టూ తిరిగి వచ్చి తన మొదలునే కలిసింది. పీర్ సాహెబ్ దాని వెంట వేలు పెట్టుకుని నడిచాడు. మర్నాడు సన్నకుంచె ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు.

భోజన్నకు అరబ్బీ చదవడం రాదు. చదవాలని ఆరాటపడొద్దనీ, చూసింది చూసినట్టు దించమనీ పీర్ సాహెబ్ చెప్పేవాడు. అందుకని అక్షరాలకు భోజన్న తన పేర్లు తను పెట్టుకున్నాడు. నిలువు కర్ర, వంకీ కర్ర, పన్ను, ముక్కు, కొడవలి. పన్ను మీద చుక్క ఉంటే ఒకటి, కింద ఉంటే ఇంకొకటి. పీర్ సాహెబ్ వెళ్ళిపోయాక రేవులో పేర్లన్నీ అతని చేతి మీదే నడిచాయి. చేపలు పట్టేవాళ్ళు సముద్రంలో దూరం నుంచే చూసి, అది హిందీవాడు, అంటే ఇండియా మనిషి, రాసిన పడవ అని గుర్తుపట్టేవారట. ఆ మాట మస్తాన్ చెప్పాడు. మస్తాన్‌ది రాయచోటి, యార్డులో ఇంజన్ల మెకానిక్కు. చిన్నప్పుడు ఖురాన్ చదువుకున్నాడు కాబట్టి అక్షరాలు పోల్చుకోగలడు. భోజన్న రాసిన ప్రతి పేరునూ కింద నిలబడి పైకి చదివి వినిపించడం అతని వంతు.

పోయిన జూన్‌లో పలక మీద నిలబడి రాస్తుంటే కుంచె కింద పడింది. ఆ చప్పుడు విన్నాకే చెయ్యి వదిలేసిందని భోజన్నకు తెలిసింది. పక్షవాతం. తర్వాత కాలు పడిపోయింది, మాట మొద్దుబారింది. మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాక కాలు ఈడ్చుకుంటూనైనా నడిచాడు, మాట కొంత తేరుకుంది, చెయ్యి మాత్రం రాలేదు. పని చెయ్యలేనివాణ్ణి ఉంచుకోవడం కష్టమైనా, యార్డు మేనేజరు అల్తాఫ్ దయతలిచి గేటు దగ్గర కూర్చోబెట్టాడు. ఇఖామా అనే నివాస కార్డు మీద వృత్తి కూడా మార్చారు. పెయింటరు పోయి హారిస్ అయింది. అంటే కావలివాడు. ఈసారి ఆ ఇఖామా కూడా పొడిగించేది లేదని పైవాళ్ళు తేల్చేశారు.

గేటు దగ్గర కూర్చున్న రెండో వారం నుంచే భోజన్న ఎడమ చేతికి పని నేర్పడం మొదలుపెట్టాడు. విరిగిన పడవల పలకలు గది వెనక పడి ఉండేవి. మధ్యాహ్నం అందరూ కన్ను మూసే వేళ వాటిలో ఒకటి గోడకు ఆనించి రాసేవాడు, తారపీన్‌తో తుడిచేవాడు, మళ్ళీ రాసేవాడు. నెల దాటినా నిలువు కర్ర నిలువుగా రాలేదు. కుంచె పట్టిన చెయ్యి ఆనించుకునే ఆసరా కర్రను పట్టాల్సింది ఇప్పుడు కుడి చెయ్యి, అది పట్టదు. సైకిలు ట్యూబు ముక్కలతో కర్రను ఆ ముంజేతికే కట్టేశాడు. చలికాలం వచ్చేసరికి కొడవలి తిరిగింది. అప్పుడే ఇంకో సంగతి గమనించాడు. ఈ భాష కుడి నుంచి ఎడమకు పోతుంది. ఇన్నేళ్ళూ తడి అక్షరం మీదుగానే చెయ్యి పోవలసి వచ్చేది, అంటకుండా మణికట్టు ఎత్తి పట్టుకోవాల్సి వచ్చేది. ఎడమ చేత్తో రాస్తే తడి వెనకబడుతుంది, చెయ్యి ముందు పోతుంది. అది తెలిసిన రోజు పలకను తుడవడానికి మనసొప్పక రెండు రోజులు అలాగే ఉంచుకున్నాడు.

ఆ సంగతి మస్తాన్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఇంట్లో బీడీలు చుట్టుకుంటూ ఫోన్ చేసే భార్య ఊర్మిళకు కూడా చెప్పలేదు. చెయ్యి ఎట్లున్నదని ఆమె అడిగితే, ఉన్నదని చెప్పేవాడు.

ఏడింటికి లాంచి యజమాని వచ్చాడు. నొఖదా, అంటే సరంగు, అబూ జాసిం. డెబ్భై దాటినా పడవ నడిపే చేతులు ఇంకా గట్టిగానే ఉన్న ముసలాయన. రాసేవాడు లేక ఆయన లాంచికి రెండుసార్లు స్టిక్కరు పేరు అంటించారు. నూనె తాగిన కొయ్యకు వేసిన తెల్లరంగు మీద, పలకల అతుకుల మీద అది నిలవలేదు. రెండు పక్కలా పేరు స్పష్టంగా లేనిదే సముద్రంలోకి వదిలేది లేదని రేవు అధికారులు చెప్పేశారు. అంత బరువు లాంచిని నీళ్ళలోకి దించాలంటే పున్నమి పోటు కావాలి. ఆ పోటు ఆ రోజు నాలుగింటికి. అది తప్పితే మళ్ళీ అమావాస్య దాకా ఆగాలి. చేపలు తీరానికి వచ్చే రోజులవి. మూడో స్టిక్కరు మర్నాడు గానీ రాదని అల్తాఫ్ ఆఫీసు మెట్ల మీద నిలబడి నచ్చజెబుతున్నాడు.

భోజన్న కాలీడ్చుకుంటూ వాళ్ళ దగ్గరికి వెళ్ళాడు.

"నేను రాస్త సార్."

అల్తాఫ్ ముందు అతని మొహం చూశాడు, తర్వాత చెయ్యి చూశాడు. హైదరాబాదు మనిషి, తెలుగు బాగానే వచ్చు. కోపం లేకుండానే చెప్పాడు.

"భోజన్నా, రాత్రికి నీకు ఫ్లైటుంది. పైకెంచి పడ్డవనుకో, నీ ఇంటోల్లకు నేనేం జవాబు చెప్పాలె? గమ్మున కూసో."

"వచ్చినప్పుడు పెయింటర్‌గ వచ్చిన సార్. హారిస్‌గ పోను."

భోజన్న గది వెనక్కి వెళ్ళి ముందురోజు రాసిన పలకను చంకలో పెట్టుకుని తెచ్చి, నొఖదా ముందు గోడకు ఆనించాడు. దాని మీద ఆయన లాంచి పేరే ఉంది. ఆయన వంగి చూశాడు, వేలితో కొడవలి వంపును తడిమాడు, ఎవరు రాశారని అల్తాఫ్‌ను అడిగాడు. అల్తాఫ్ భోజన్న వైపు చూశాడు. భోజన్న ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. ముసలాయన రాయమన్నాడు. నడుముకు తాడు కట్టాలన్నది అల్తాఫ్ షరతు. కట్టించుకున్నాడు.

లాంచి ముక్కు పక్కన ఇనుప గొట్టాల స్టాండు మీద రెండు పలకలు పరిచి ఉన్నాయి. మస్తాన్ వెనక నుంచి నడుము పట్టి ఎక్కించాడు. పైకి వెళ్ళాక భోజన్న వెంటనే కుంచె పట్టలేదు. స్టిక్కరు చిరుగులు గోకి, జిగురు కడిగి, తెల్లరంగు మీద తడి లేకుండా ఆరనిచ్చాడు. సుద్ద రాసిన దారాన్ని మస్తాన్ ఒక చివర పట్టుకుంటే లాగి వదిలాడు. నీలి సముద్రం ఎదురుగా తెల్ల కొయ్య మీద తిన్నని గీత పడింది. అప్పుడు ముంజేతికి ఆసరా కర్ర కట్టుకున్నాడు.

నూర్ అల్ బహర్. సముద్రపు వెలుగు అని మస్తాన్ ఎప్పుడో అర్థం చెప్పాడు. భోజన్నకు మాత్రం అది రెండు కొడవళ్ళ పేరు. మొదటి మాట చివర ఒకటి, రెండో మాట చివర ఒకటి. రెండూ ఒకే వంపు తిరగాలి. ఒకటి లోతుగా, ఒకటి పైపైన వచ్చిందా, పేరు కుంటుతుంది.

ఒక పక్క పూర్తయ్యేసరికి పది దాటింది. చొక్కా వీపుకు అంటుకుపోయింది. కుడి కాలు వణకడం మొదలుపెడితే స్టాండు గొట్టానికి మోకాలు ఆనించి నిలబెట్టాడు. కింద యార్డులో పనివాళ్ళు అటూ ఇటూ పోతూ ఒక క్షణం ఆగి, తల ఎత్తి చూసి వెళుతున్నారు. మస్తాన్ కింద నిలబడి పైకి చదివాడు. తప్పు లేదు.

రెండో పక్కకు స్టాండు జరుపుతుంటే ఊర్మిళ ఫోన్ చేసింది. ఎయిర్‌పోర్టుకు ఎప్పుడు పోతావని అడగబోయింది.

"పనిల ఉన్న, మల్ల జేస్త," అన్నాడు భోజన్న.

పది నెలల్లో ఆమె ఆ మాట వినలేదు. సరేనని తనే ఫోన్ పెట్టేసింది.

రెండో పక్క ఎండ నేరుగా మొహం మీద కొడుతోంది. మొదటి మాట బాగానే వచ్చింది. రెండో మాటలో కర్రలు రెండూ నిలబెట్టి, పన్ను కింద చుక్క పెట్టి, ముక్కు తిప్పి కుంచె ఎత్తుతుండగా చివర నుంచి నీలం బొట్టు ఒకటి జారి, సరిగ్గా ముక్కు అక్షరం పైన పడింది.

మస్తాన్ కింద నుంచి నెమ్మదిగానే చెప్పాడు. "నా, చుక్క పడినాది. ఇప్పుడది బహర్ కాదు. ఇంగోటేదో అయిపోతాది. నేను ఎక్కి తుడ్చేదా?"

"రాకు."

మస్తాన్ ఎక్కితే పలక ఊగుతుంది. ఊగితే తడి అక్షరం పోతుంది. కుంచె కింద పెట్టి గుడ్డ అందుకునే లోపు బొట్టు కారి ముక్కులో కలుస్తుంది. భోజన్న కుంచె చెక్కను పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఎడమ చేత్తో జేబులోంచి గుడ్డ లాగి, తారపీన్‌లో ముంచి, ఆసరా లేకుండా ఆ చెయ్యి అంత సన్నని చోట నిలవదు కాబట్టి కుడి చేతి బొటనవేలికి చుట్టాడు. తర్వాత ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని, ఆసరా కర్రతో సహా ఆ చేతిని పైకి ఎత్తి, బొట్టు మీద ఆనించాడు. వేలికి ఏమీ తెలియడం లేదు. ఎంత నొక్కిందీ కళ్ళతోనే చూసుకోవాలి. ఒకసారి ఒత్తి తీశాడు. గుడ్డ మడత మార్చి ఇంకోసారి. మూడోసారికి తెలుపు తేలింది. ముక్కు అంచు చెదరలేదు.

ఆ చేతిని నెమ్మదిగా దించి, కొంతసేపు దాన్ని ఎడమ చేత్తో అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నోట్లో కుంచె ఉండగా ఏడవడం కుదరదు. కుంచె చేతిలోకి తీసుకుని, రెండో కొడవలి మొదలుపెట్టాడు. ఊపిరి బిగబట్టి, పై నుంచి కిందికి, కింద నుంచి ఎడమకు ఒకే లాగు. చివర కుంచెను కొంచెం తిప్పి ఎత్తేశాడు. కొస సూదిమొనలా దిగింది.

మస్తాన్ నాలుగడుగులు వెనక్కి వెళ్ళాడు. "నూర్. అల్. బహర్," అని ఒక్కో మాటా విడివిడిగా చదివాడు. "చానా బాగుండాది నా."

ఎండకు రంగు మూడు గంటల్లోనే వేలికంటకుండా ఆరిపోయింది. నాలుగింటికి పోటు వచ్చి దిమ్మెలను ముంచింది. పదిమంది మోకులు పట్టి, ట్రాక్టరుతో వెనక నుంచి నెట్టి, లాంచిని కదిలించారు. అది మూలుగుతూ జారి, నీళ్ళు తగలగానే ఒక్కసారిగా తేలికై లేచింది. నొఖదా కుర్రవాడిలా నిచ్చెన ఎక్కి ఇంజను దగ్గరికి వెళ్ళాడు. ఎక్కేముందు భోజన్న చెయ్యి పట్టుకున్నాడు. అప్పటిదాకా కుంచెలు కడుగుతూ ఉన్న చేతి తడి రంగు అంటుతుందని భోజన్న వెనక్కి తీసుకోబోతే వదల్లేదు. ఒడ్డుకు జరిపిన ఖాళీ స్టాండు దగ్గరికి అతనికి చాయ్ పంపించమని వంటవాడికి కేకేసి చెప్పాడు.

భోజన్న స్టాండు కింది పలక మీద కూర్చుని చాయ్ తాగాడు. లాంచి రేవు నోరు దాటి కుడికి తిరిగినప్పుడు పేరు మొత్తం కనబడింది. ఎండ దాని మీద పడుతోంది. ఇంత దూరం నుంచి కొడవళ్ళు రెండూ ఒక్కలాగే ఉన్నాయి. అతను తొందరపడకుండా చూశాడు. సగం తాగేసరికి ఆఫీసు ముందు అల్తాఫ్ కారు హారన్ కొట్టింది.

మస్తాన్ సంచీ మోసుకొచ్చి కారులో పెట్టాడు. సబ్బుతో చేతులు కడుక్కోమన్నాడు. ఆలస్యమైపోతుందని భోజన్న వద్దన్నాడు. మస్తాన్ అతని కాలర్ సరిచేసి, తలుపు వేశాడు.

గేటు దగ్గర కొత్త కావలివాడు ఉన్నాడు. బంగ్లాదేశ్ నుంచి వచ్చి మూడు రోజులైంది, గేటు దగ్గర ఇదే మొదటి పూట, ఇంకా ఎవరెవరో తెలియదు. కారు ఆపి, లోపలికి తొంగిచూసి, ఈయన ఎవరని హిందీలో అడిగాడు. అల్తాఫ్ నోరు తెరిచే లోపే వెనక సీటు నుంచి జవాబు వచ్చింది.

"పెయింటర్."

కొత్తవాడు తలాడించి, ఇనుప బద్ద పైకి ఎత్తాడు. కారు దుమ్ము రేపుకుంటూ దమ్మాం రోడ్డెక్కింది.

యార్డులో పోటు మెల్లగా తీస్తోంది. స్టాండు కింది పలక మీద చిన్న చాయ్ గ్లాసు అలాగే ఉంది. అడుగున రెండు గుక్కల చాయ్, అంచుకు కొంచెం దిగువగా ఎడమ చేతి వేళ్ళ గుర్తులు నాలుగు, నీలంగా ఆరిపోతూ.