నారముడి కోసినవాళ్ళు

రైలు పట్టాలను ఎత్తుకుపోయిన వరద వచ్చాక నాలుగో ఏడు. జూన్ నెల.

ఆ పొద్దున మా మేనత్త జోసెట్ మొలలోతు నీళ్ళలో నిలబడి ఉంది. చేతుల నిండా పచ్చి వరి. వేళ్ళతో సహా ఊడి వచ్చిన వరి. నామే అనే మా సరస్సులో వరి ఎవరూ నాటరు. తనంతట తను మొలుస్తుంది. జూన్‌లో నీటి మీద ఆకు పరుస్తుంది. అప్పుడు నీళ్ళు జానెడు పెరిగితే చాలు, ఆకు పైకి లాగుతుంది, వేరు బురదను వదిలేస్తుంది. ఉత్తరపు రేవంతా వరి అలా తేలుతోంది, కత్తిరించి పారేసిన జుట్టులాగా.

"మళ్ళీ పలక వేశారు, ఎలీ," అంది అత్త.

నేను పడవలోంచి ఆనకట్ట వైపు చూశాను. నది మొదలయ్యేచోట పాత ఆనకట్ట ఉండేది. వరద పేరు చెప్పి కలప కంపెనీ దాన్ని ఎత్తు పెంచి కట్టింది. అడవిలో కొట్టిన దుంగలన్నీ చేరేదాకా నీళ్ళు ఆపుతారు. ఆపి ఒక్కసారి వదిలితే దుంగలు మిల్లు దాకా పోతాయి. నీళ్ళు ఆపడానికి గేటు గాడిలో ఒకదానిమీద ఒకటి అడ్డపలకలు వేస్తారు. ఒక్కో పలకకూ మా వరి ఒక్కో రేవు పోతుంది.

వరద తర్వాత మాకు పంట లేదు. బురదలో పాత గింజ మిగిలింది కొంచెమే. ఈ ఏడు మొలిచింది అదే. ఇది కూడా పోతే చలికాలానికి తిండి ఉండదు, ఆ పైన విత్తనమూ ఉండదు.

మా మిన్నెసోటా రాష్ట్రానికి సరస్సులంటే గర్వం. పదివేలున్నాయని చెప్పుకుంటుంది. మునిగిన వరి ఆ లెక్కలోకి రాదు.

మేం హార్పర్ వెళ్ళాం. ఆ ఊరికి ఆ పేరు ఒక కలప షావుకారుది. తెల్లవాళ్ళు రాకముందు ఆ చోటుకు మా భాషలో పేరుండేది, చేపలు ఆగే చోటని. అత్తా, నేనూ, మా వరిపెద్ద బాతీస్టూ వెళ్ళాం. కోత ఏ రోజు మొదలవ్వాలో చెప్పేవాడే వరిపెద్ద. ఆయన చెప్పేదాకా మావాళ్ళెవరూ గింజ రాల్చే కర్ర ఎత్తరు.

జిల్లా కచేరీలో గుమాస్తా తల ఎత్తకుండా చెప్పాడు. "జిల్లాది నేల. నీళ్ళు రాష్ట్రానివి."

రాష్ట్రం తాలూకు అధికారి రాజధానిలో ఉంటాడు. వేసవి కాబట్టి చేపల గాలం పట్టుకుని మా వైపే వచ్చి ఉన్నాడు. "నీళ్ళు మావే. కానీ ఆనకట్టకు అనుమతి ఇచ్చింది వాషింగ్టన్," అన్నాడు.

వాషింగ్టన్ తరఫున మామీద పెట్టిన దొర మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు. "నేల ఇచ్చినప్పుడు మీ పెద్దలతో రాసుకున్న ఒప్పందంలో వరి కోసుకునే హక్కు మీకుంది. కాదనడం లేదు," అన్నాడు. "అది పండేలా చూడాలని మాత్రం ఎక్కడా రాయలేదు."

బాతీస్ట్ టోపీ పెట్టుకుని లేచాడు.

తిరిగొస్తుంటే బండిలో అత్త అంది. "కడుపు మనదేనట. ఆకలీ మనదేనట. మధ్యలో కంచం ఒక్కటే వాళ్ళదట."

ఆ ఆదివారం మిషన్ హాల్లో అందరం కూడాం. నిలబడ్డానికి చోటు లేదు. తేఫిల్ లేచాడు. వాడు డులూత్ ఓడరేవులో మూటలు మోసి, సమ్మెలో పని పోగొట్టుకుని వచ్చినవాడు.

"అర్జీలు పెట్టి పెట్టి మన మోకాళ్ళు అరిగిపోయాయి," అన్నాడు. "పోదాం. పలకలు పీకేద్దాం."

"పీకితే మళ్ళీ వేస్తారు కదరా," అన్నారెవరో వెనకనుంచి.

"వేస్తే మళ్ళీ పీకుదాం! నీకేం పనుంది ఇంట్లో? పొయ్యి మీద ఏమన్నా మాడిపోతోందా?"

నవ్వారు. ఎవరింట్లోనూ పొయ్యి మీద మాడేటంత లేదు.

బాతీస్ట్ చెయ్యెత్తితే నవ్వు ఆగింది. "పీకుదాం," అన్నాడు. "పీకి ముడి వేద్దాం."

ముడి అంటే మా ఆడవాళ్ళు వేసే నారముడి. కోతకు ముందు లిండెన్ చెట్టు నారతో తాడు పేని, నిలబడ్డ వరి కంకులను కట్టలుగా కడతారు. ఒక్కో ఇంటిది ఒక్కో ముడి. ముడి వేసిన వరిని ఇంకొకరు తాకరు. ఆకలితో చచ్చేవాడూ తాకడు. పూర్వం మాతో యుద్ధం చేసినవాళ్ళు కూడా తాకలేదని చెబుతారు.

"తాతా, కంపెనీవాడికి నారతాడు భాష వచ్చా?" అన్నాడు తేఫిల్.

"ముడి చూస్తే పసివాడికి కూడా తెలుస్తుంది, ఎవరో కట్టారని. తెలిసి విప్పేవాడు మనిషేనా?"

తేఫిల్ కూర్చుని, కొక్కేలు ఎవరింట్లో ఉన్నాయని అడిగాడు.

సోమవారం మధ్యాహ్నం అందరం చూస్తుండగానే చేశాం. మమ్మల్ని చూసి గేటు కాపలావాడు ఊళ్ళోకి పరిగెత్తాడు. కొక్కేలు తగిలించి మూడు పలకలు లేపి ఒడ్డున పేర్చాం. నీళ్ళు నదిలోకి దూకాయి. ఖాళీ గాడికి అడ్డంగా ఆడవాళ్ళు నారతాళ్ళు కట్టారు. ప్రతి ఇంటి ముడీ ఉంది అక్కడ. బాతీస్ట్ మొక్కుగా చిటికెడు పొగాకు నీళ్ళలో వేశాడు. అందరం ఇళ్ళకు వచ్చేశాం.

కాపలా ఎవర్నీ పెట్టలేదు. ముడి ఉన్నచోట కాపలా పెట్టడమంటే అవతలివాణ్ణి దొంగ అనడమే. అది మాకు సిగ్గు.

మంగళవారం వెళ్ళి చూస్తే తాళ్ళు తెగి మట్టిలో పడి ఉన్నాయి. బూటుకాళ్ళ కింద నలిగి ఉన్నాయి. మూడు పలకలూ మళ్ళీ గాడిలోకి ఎక్కాయి. పైన ఇంకోటి కొత్తది. రెండు రోజుల్లో తూర్పు రేవు కూడా తేలిపోయింది. మిగిలింది దక్షిణపు రేవు ఒక్కటే.

మళ్ళీ హాల్లో కూడాం. ఈసారి ఎవరూ నవ్వలేదు. బాతీస్ట్ ఒక మూల కూర్చున్నాడు. ఆయన చేతిలో తెగిన తాళ్ళు.

"నాదే తప్పు. వాళ్ళను మనుషుల్లో కలిపాను," అన్నాడు.

"నువ్వు ఒక్కడివే కలిపావా?" అంది జోసెట్ అత్త. "ముడి వేసింది మేం. సిగ్గుపడి ఇంటికొచ్చింది అందరం. ఇక చాలు. నారను కోసినట్టు మనిషిని కొయ్యగలరేమో చూద్దాం. ఈసారి ఆ గేటు మీద మనమే ఉందాం. దక్షిణపు రేవు వరి నిలబడేదాకా దిగొద్దు."

"పిల్లలు?"

"పిల్లలతోనే. ఎవరికోసం ఈ గొడవంతా?"

శుక్రవారం వెళ్ళాం. పలకలు లేపాం. ఆనకట్ట పొడుగునా కూర్చున్నాం. ఆడవాళ్ళు టీ కాచారు. నీళ్ళు దిగుతున్నాయి. రాయి మీద తడి గీత కనిపిస్తోంది. అంతకంటే మంచి గీత నేనెప్పుడూ చూడలేదు.

ముందు కంపెనీ తన కూలీలను పంపింది. దుంగలు తోలేవాళ్ళు, ఫిన్లాండ్ నుంచి వచ్చినవాళ్ళు. పొడుగు గడలతో వచ్చారు. వాళ్ళ ముందు తోయివో. చలికాలంలో అతనూ నేనూ ఒకే రంపం లాగాం, ఆ కొసన అతను, ఈ కొసన నేను.

"దిగండమ్మా," అన్నాడు. "ఈ నీళ్ళు పోతే దుంగలు కదలవు. దుంగలు మిల్లు చేరితేనే మాకు కూలి. మా ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు."

"ఉన్నారు. నీ పెద్దపిల్ల పుట్టినప్పుడు పురుడు పోసింది నేనే," అంది అత్త. "నీళ్ళు ఎక్కువైన ఏడు కంపెనీవాడు నీకు కూలి పెంచాడా?"

"లేదు."

"మరి నీళ్ళు తక్కువైతే నిన్నెందుకు పంపాడు? తను రాలేకనా?"

తోయివో గడ నేలకు ఆనించాడు. అతని వెనకున్నవాడు గొణిగాడు. "ఈవిడ మాటలకు మన కడుపు నిండుతుందా? లాగెయ్యి వీళ్ళని."

"నువ్వు లాగు," అన్నాడు తోయివో. "ముందు ఆ చంటిపిల్లదాన్ని లాగు. చూస్తా."

ఎవడూ లాగలేదు. మాతో కలవనూ లేదు. గడలు పట్టుకుని ఒడ్డున అలాగే నిలబడ్డారు. మా మీద కోపం, వాళ్ళ మీద వాళ్ళకే కోపం.

పొద్దు వాలకముందే షెరీఫ్ వచ్చాడు. అతనితో పాటు ఆ రోజే పోలీసు బిళ్ళలు తగిలించుకున్న మనుషులు, అందరూ కంపెనీ తిండి తినేవాళ్ళే. కొత్త హోదా కదా, చేతులు ఊరికే ఉండలేదు. ఆడవాళ్ళను జుట్టు పట్టి ఈడ్చారు. తేఫిల్ ముగ్గురితో కలబడి పళ్ళు పోగొట్టుకున్నాడు. నా భుజం మీద ఏదో పడింది, చెయ్యి లేవలేదు.

బాతీస్ట్ గాడి పక్కన కూర్చుని ఉన్నాడు. లేవమన్నారు. లేవలేదు. తిట్టలేదు. వరి వైపు చూస్తున్నాడు. ఒకడు తుపాకీ మడమతో ఆయన మెడ మీద కొట్టాడు. ఆయన గేటులోంచి దూకే నీళ్ళల్లోకి తలకిందులుగా పడ్డాడు. కింద అన్నీ రాళ్ళే.

తోయివో గడ పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. వెతికి, ఆయన్ను రెండు చేతుల మీద ఒడ్డుకు తెచ్చాడు. ప్రాణం లేదు. పడుకోబెట్టి, తన టోపీ తీశాడు. "ఎందుకు కొట్టావురా? ముసలాయన. కూర్చుని ఉన్నాడు," అన్నాడు ఆ తుపాకీవాడితో. వాడి వయసు ఇరవై ఉండదు.

అత్తనూ ఇంకా చాలామంది ఆడవాళ్ళనూ కంపెనీ లారీలో హార్పర్ జైలుకు తీసుకుపోయారు. లారీ కదులుతుంటే అత్త అరిచింది. "నీళ్ళు చూడండ్రా! నన్ను కాదు, నీళ్ళు చూడండి!"

పలకలు మళ్ళీ వేశారు. ముసలివాడు కాలు జారి పడ్డాడని షెరీఫ్ అందరిముందూ చెప్పాడు. హార్పర్ పత్రికలోనూ అలాగే వచ్చింది.

ఈ కథ కూలీల కోసం, చదువుకునే పిల్లల కోసం రాస్తున్నాను. మూడేళ్ళు బడికి వెళ్ళాను, ఇంతకంటే బాగా రాయడం రాదు. మీలో ఎవరైనా అడగవచ్చు, చట్టం ఏం చేసిందని. చట్టం ఆ రోజు అక్కడే ఉంది. మా మధ్యనుంచి నడిచి వెళ్ళి గేటు మూసింది.

మర్నాడు పొద్దున బాతీస్ట్‌ను ఆయన మనవల దగ్గర వదిలి నేను పడవెక్కాను. ఒక్క చెయ్యే పనిచేస్తోంది. దక్షిణపు రేవులో ఆకు ఇంకా పట్టుకునే ఉంది. సరస్సు చుట్టూ ఇంటింటికీ వెళ్ళాను. తలుపు తీసినవాళ్ళకు ఒకటే మాట చెప్పాను. "గేటు మూసి ఉంది. రండి."

చివరికి దుంగలవాళ్ళ కొట్టానికి వెళ్ళాను. అక్కడికి మావాళ్ళు ఎప్పుడూ వెళ్ళరు. బల్ల చుట్టూ కూర్చుని కాఫీ తాగుతున్నారు. నన్ను చూసి కప్పులు దించారు.

"గేటు మూసి ఉంది," అన్నాను.

"మళ్ళీ వెళితే ఈసారి కాలుస్తారు," అన్నాడొకడు.

"కాలుస్తారు," అన్నాను.

తోయివో బల్ల కిందకు వంగి బూట్లు తీసుకున్నాడు. అవి ఇంకా తడిగానే ఉన్నాయి. ఒకటి తొడుక్కున్నాడు. బల్లకు ఆ చివరనుంచి ఇంకొకడు లేచాడు. నేను బయటికొచ్చి వాళ్ళకోసం నిలబడ్డాను.