నార్వేలో ఓదెలు కాల్ టైమ్

నాకు కోపం ఎక్కువని మా ఆవిడ నాగేశ్వరి అంటుంది. ముప్పై ఏళ్లు సినిమాలకి ప్రొడక్షన్ మేనేజర్‌గా చేసినవాడికి కోపం లేకపోతే షూటింగ్ ఎలా జరుగుతుందో ఆవిడే చెప్పాలి. ఆరింటికి రావాల్సిన వ్యాన్ ఏడింటికి వస్తుంది. వంద ఇడ్లీలు చెప్పినచోట అరవై దిగుతాయి. అక్కడ నవ్వుతూ నిలబడేవాడు ఆ పనికి పనికిరాడు. అలాంటివాణ్ణి రిటైరై శ్రీనగర్ కాలనీ ఫ్లాట్‌లో కూర్చున్నాను. అరవడానికి మనుషులు దొరక్క నానా అవస్థా పడుతున్న రోజుల్లో ఓదెలు నార్వే మాట ఎత్తాడు.

ఓదెలు కాస్ట్యూమర్. హీరోల చొక్కాలు ఇస్త్రీ చేసి, ఊడిన గుండీలు కుట్టి, ఏ సీన్‌లో ఏ చొక్కా తొడిగారో గుర్తుపెట్టుకుని అందించడం అతని పని. సొంతూరు మంథని దగ్గర. కృష్ణానగర్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో భార్య నీలమ్మతో ఉంటాడు. మోకాళ్లు సహకరించక పోయినేడు పని మానేశాడు. నాతో కలిసి పదకొండు దేశాలు తిరిగాడు. తిరిగాడనడం కూడా తప్పే. పదకొండు దేశాల్లో బస్సుల్లో కూర్చుని ఇస్త్రీ చేశాడు.

ఆ రోజు కృష్ణానగర్‌లో టీ తాగుతున్నాం.

"సార్, పన్నెండేండ్ల కింద మనం నార్వేల పాట తీస్తిమి, యాదికుందా?" అన్నాడు.

"ఎందుకు లేదు? హీరోయిన్‌కి జలుబు చేసి రెండ్రోజులు పోయాయి."

"నేను బస్సు కిటికీలకెళ్లి సూస్తుంటి. ఒక ముసలాయన నీళ్ల ఒడ్డుకు గాలం ఏసుకొని కూసున్నడు. మూడు దినాలు గట్లనే కూసున్నడు. పడ్డయి రెండే చేపలు. కానీ సార్, ఆయన్ని ఒక్కలు గూడ పిలువలే."

"అయితే?"

"నేను గూడ ఒక్కసారి గట్ల కూసోవాలె. పని మీద కాదు. ఉట్టిగ. టికెట్టుకు పైసలు దాసుకున్న. ఎట్ల పోవాల్నో మీరు జర సూడుండ్రి."

చిన్నప్పుడు ఊరి చెరువులో కొర్రమట్టలు పట్టిన చెయ్యి అతనిది. ఆ మాట చెబుతుంటే కళ్లు మెరిశాయి. నాకూ హుషారు పుట్టుకొచ్చింది. అదంతా ఓదెలు మీద ప్రేమేనని కోతలు కోయను. షెడ్యూల్ వేయడానికి మళ్లీ ఒక పని దొరికింది, అదీ సంగతి. మధురానగర్‌లో ఉండే మేకప్‌మేన్ కమలాకర్‌ని కూడా కలుపుకుని ముగ్గురి యూనిట్ తయారుచేశాను.

ఇక చూడండి నా ప్రతాపం. అప్పట్లో మాకు అక్కడ లొకేషన్లు చూపించిన ఆయనకి ఫోన్ చేసి, ఒడ్డు వీడియోలు తెప్పించుకున్నాను. ఎండ ఏ వైపు నుంచి పడుతుందని అడిగాను. వానొస్తే ప్రత్యామ్నాయం ఏమిటని అడిగాను. తడుస్తూ పట్టుకుంటారండీ అన్నాడాయన. బొత్తిగా ప్లానింగ్ లేని దేశం. జూన్‌లో రాత్రి పదకొండింటికి కూడా వెలుతురు ఉంటుందని తెలిశాక మాత్రం నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఒక్క రోజులో రెండు కాల్షీట్ల చేపలు పట్టొచ్చు.

"చేప ఫోటోలో డల్‌గా ఉంటే కష్టమండీ మేనేజర్ గారూ. కాస్త నూనె రాస్తే మెరుస్తుంది. నా కిట్ తెస్తాను," అన్నాడు కమలాకర్.

ఓదెలు మాత్రం గాలం కర్ర కొనుక్కుని మేడ మీద సాధన మొదలుపెట్టాడు. గుండీలు కుట్టిన వేళ్లు కదా, దారం ముడులు ఇట్టే పట్టుబడ్డాయి. విసరడం దగ్గరే తంటా. ఒకసారి కొక్కెం వెళ్లి నీలమ్మ ఆరేసిన చీరకి తగులుకుంది. మరోసారి పక్క మేడ మీద డాన్స్ ప్రాక్టీస్ చేస్తున్న అమ్మాయిల మధ్య పడింది. వాళ్లు దాన్ని విడదీసి, చప్పట్లు కొట్టి, మళ్లీ విసరమన్నారు. ఓదెలు అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

నాలుగు పేజీల షెడ్యూల్ టైప్ చేయించాను. రోజులవారీగా, గంటలవారీగా, ఎవరి పని ఏమిటో గళ్లు గీసి మరీ. ఓదెలు మా ఇంట్లో కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. కాగితాలు నీటుగా మడిచాడు.

"మంచిగుంది సార్," అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఫోన్. "నేను రాను సార్. మోకాళ్లు నొస్తున్నయి. మీరిద్దరు పోయి రాండ్రి."

నాకు ఒళ్లు మండిపోయింది. నెల రోజులు నేను పడిన చాకిరీ ఏమవ్వాలి? మోకాళ్లు నొప్పయితే కూర్చోవడానికేగా వెళ్లేది? అప్పటికప్పుడు ఆటో ఎక్కి కృష్ణానగర్ చేరి, మూడంతస్తులూ రొప్పుతూ ఎక్కాను. ఓదెలు గడప దగ్గర కూర్చుని ఉన్నాడు. గాలం కర్ర గోడకి చేర్చి, పైన పాత పంచె కప్పి ఉంది. అది చూసేసరికి నా గొంతు ఇంకా లేచింది.

"ఇంత బాగా వేసిన షెడ్యూల్ నీ జన్మలో చూశావా? ఏది, ఆ కాగితాలు ఇటివ్వు. ఇందులో నీకు వచ్చిన కష్టమేంటో నేను కూడా వింటాను."

నీలమ్మ లోపలి నుంచి తెచ్చి చేతికిచ్చింది. వీధంతా వినబడేలా చదవడం మొదలుపెట్టాను.

"మొదటి రోజు. నాలుగున్నర: ఓదెలు లేవడం. జాకెట్లు ఇస్త్రీ, బూట్లు సిద్ధం. ఐదు: టీ, ఓదెలు. ఐదున్నర: మేనేజర్, కమలాకర్ లేవడం. ఆరు: ఒడ్డుకి బయలుదేరడం. సామాను, ఓదెలు. ఎర గుచ్చడం, ఓదెలు. గాలం వేయడం: మేనేజర్, కమలాకర్..."

నా గొంతు నాకే వినబడింది. పేజీ తిప్పాను. రెండో రోజు. మూడో రోజు. గాలం వేసేవాళ్ల గడిలో ఓదెలు పేరు ఎక్కడా లేదు.

"సదువుండ్రి సార్, ఆగిండ్రేంది?" అంది నీలమ్మ.

చదవలేకపోయాను. కావాలని చేసింది కాదు. షూటింగుల్లో కాస్ట్యూమ్స్ వాళ్లు అందరికన్నా ముందు రావాలి, అందరికన్నా వెనక పోవాలి. ముప్పై ఏళ్లు ఓదెలు కాల్ టైమ్, అంటే పనికి హాజరు కావాల్సిన వేళ, అనగానే నా చెయ్యి నాలుగున్నర అనే రాసింది. అతను ఎందుకు వెళ్దామన్నాడో నాకు మొదటి రోజే చెప్పాడు. అయినా అలాగే రాశాను. చాలా సిగ్గేసింది.

"మీదేం తప్పులేదు సార్," అన్నాడు ఓదెలు. "నాకు గూడ గదే అలవాటు. కాయితం సూసొచ్చి, అటక మీదికెళ్లి రెండు ఇస్త్రీపెట్టెలు కిందికి దించిన. దించినంక ఏడుపొచ్చింది."

పక్కనే గడప మీద కూలబడ్డాను. జేబులోంచి పెన్ను తీసి, కాగితం వెనక్కి తిప్పి, ఈసారి మేనేజర్ అని కాకుండా నా పేరే పెట్టి, పైకి చదువుతూ రాశాను. నాలుగున్నర: బసవపున్నయ్య లేవడం. టీ: బసవపున్నయ్య. సామాను: కమలాకర్. ఇస్త్రీ: లేదు, ముడతల జాకెట్లే. ఎర గుచ్చడం: బసవపున్నయ్య.

"ఎర నేనే గుచ్చుకుంట సార్. మీరు గుచ్చితె చేప నవ్వుతది," అన్నాడు.

నీలమ్మ నవ్వుకి కొంగు అడ్డం పెట్టుకుంది. నేను ఆ ఒక్కటీ కొట్టేశాను.

"మరి నీ కాల్ టైమ్ ఎంత వెయ్యమంటావు?"

ఓదెలు లేచి గాలం కర్ర మీది పంచె తీసేశాడు. "ఏం రాయకుండ్రి సార్," అన్నాడు. ఆ గడి ఖాళీగా వదిలేశాను. నా షెడ్యూల్స్‌లో మొదటి ఖాళీ గడి అది.

సోమవారం పదింటికి జూబ్లీహిల్స్‌లో ట్రావెల్ ఆఫీసుకి వెళ్లి ముగ్గురం వీసా కాగితాల మీద సంతకాలు పెట్టాలి. నేను తొమ్మిదిన్నరకే హాజరు. కమలాకర్ పదికి వచ్చాడు. పదింపావు అయింది, పదిన్నర అయింది. కౌంటర్‌లో ప్రణతి అనే అమ్మాయి, "మీ ఫ్రెండ్ ఎన్నింటికి వస్తారు సార్?" అని రెండోసారి అడిగింది.

"ఆయనకి టైమ్ వెయ్యలేదమ్మా," అన్నాను.

పదకొండు కావస్తుండగా ఓదెలు తలుపు తోసుకుని నింపాదిగా వచ్చాడు. వచ్చే దారిలో కొత్త టోపీ ఒకటి కొనుక్కుని పెట్టుకున్నాడు.

"ఆలస్యమైందా సార్?" అని అడిగాడే గానీ, జవాబు కోసం ఆగలేదు. కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని, "జర మంచినీళ్లు దొరుకుతయా?" అన్నాడు.

ముప్పై ఏళ్లలో అతను ఎవరినైనా ఏదైనా తెమ్మనడం నేను వినలేదు. ప్రణతి లేవబోయింది. వద్దని చెప్పి, నేనే వెళ్లి గ్లాసు కడిగి తెచ్చిచ్చాను.