తగ్గని అంకె

మదనపల్లె కాలేజీలో సైకాలజీ చెప్పే సుహాసిని 1984లో దుఃఖం మీద పరిశోధన చేస్తుండేది. బిడ్డ పోయిన తల్లి మనసు ఎట్లా కుదుటపడుతుందో చెప్పే ఒక సిద్ధాంతాన్ని కంప్యూటర్‌కు అర్థమయ్యే సూత్రాలుగా రాసి, బెంగళూరులో నడిపించి చూడాలి. అదీ పని.

ఆ సిద్ధాంతం మీద ఆమెకు గట్టి నమ్మకం. అందుకే సొంతూరు పుంగనూరులో టైలరు హనీఫ్, కూతురు జరీనా జ్వరంతో పోయినప్పటి నుంచి భార్య హమీదా ఏడుపు ఆపడం లేదని చెప్పుకుంటే, సుహాసిని తటపటాయించలేదు.

"పాప వస్తువులు కంటికి కనబడకుండా తీసేయప్పా. నెమ్మదిగా తగ్గుతుంది" అంది.

హనీఫ్ అన్నీ మూటగట్టి కుప్పంలో అక్క అజీజాబీ ఇంటికి చేర్చాడు.

కొన్ని నెలలకు సూత్రాలు రాయడానికి కూర్చుంటే సుహాసినికి చెయ్యి సాగలేదు. పుస్తకంలో 'నెమ్మదిగా' అంటే సరిపోయింది. కంప్యూటర్‌కు ఎందుకు తగ్గుతుందో కూడా చెప్పాలి. గుర్తులు కనబడకపోతే దుఃఖం తగ్గుతుందని ఒక అధ్యాయం. పోయిన మనిషి కోసం మనసు వెతుకుతుందని, దొరక్కపోతే దుఃఖం పెరుగుతుందని ఇంకో అధ్యాయం. రెండూ ఆమె పాఠం చెప్పినవే. పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూడలేదు. రెండూ రాసి నడిపిస్తే, కాగితం నిండా దుఃఖం అంకె పెరుగుతూనే పోయింది. ప్రోగ్రాములో తప్పుందనుకుని మళ్ళీ నడిపించింది. అదే. గుర్తులన్నీ తీసేస్తే వెతుకులాటకు అంతే లేదు.

హమీదా గుర్తొచ్చింది. తిన్నగా పుంగనూరు పోయింది.

హమీదా పెట్టె మూత తీసి చూసి, మూసి, మళ్ళీ తీస్తోంది. తల ఎత్తలేదు.

"మీరు సెప్పినట్టే సేసినానమ్మా," అన్నాడు హనీఫ్. "ఏడుపు నిలిసిపోయింది. మాటా నిలిసిపోయింది. పొద్దస్తమానం ఇట్లే ఎతుకుతాండాది."

"తప్పు నాదప్పా. తెలిసినట్టు చెప్పేసినా."

హనీఫ్ ఆమె కూర్చోడానికి స్టూలు జరిపాడు. తిట్టినా బాగుండుననిపించింది ఆమెకు.

మరునాడే కుప్పం పోయి మూట తెచ్చింది. హమీదా ముడి విప్పింది. పలక, గాజులు, ఒక గౌను. గౌనులో మొహం దాచుకుని గొంతు పగిలేలా ఏడ్చింది. హనీఫ్ పక్కన కూలబడ్డాడు. చాలాసేపటికి ఆమె తేరుకుని మూటంతా తడిమింది.

"పచ్చ గౌను యాడమ్మా?"

నెలల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట. అజీజాబీ దాన్ని చింపి తన ఇంట్లోని పసిబిడ్డకు గుడ్డలు చేసేసింది. ఆ సంగతి ఎట్లా చెప్పాలో బస్సులో దారిపొడుగునా సుహాసినికి తోచనే లేదు.

"లేదమ్మా... చింపేసినారంట."

హమీదా చేతిలోని గౌను మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "నువ్వింక పో అమ్మా," అంది.

సుహాసిని లేచింది. గడప దాటుతుంటే, పాప ఆ గౌను విప్పనని పండగనాడు ఎంత మారాం చేసిందో హమీదా భర్తకు చెబుతోంది. నిలబడి వినాలనిపించింది. ఆ హక్కు తనకు లేదనుకుని గబగబా వీధిలోకి నడిచింది.