మందు మరిగిన క్రిమి

కొత్త మందు క్రిములను చంపుతోందని తెలిసి ఏడాది దాటింది. ఎలా చంపుతోందో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. ఆ గుట్టు తేల్చే పని సాక్ష్యాలమ్మ నెత్తిన పడింది. బయట వాన పడుతోందన్నా కిటికీ దాకా వెళ్లి చేయి చాపి చూస్తేగానీ నమ్మదని ప్రయోగశాలలో ఆమెకు ఆ పేరు పెట్టారు.

గుట్టు తేల్చడానికి ఉన్న దగ్గరి దారి కాస్త విడ్డూరమైనదే. మందుకు లొంగని క్రిమి ఒక్కటైనా దొరకాలి. దాని ఒంట్లో ఏ భాగం మారిందో చూస్తే, మందు దెబ్బ ఎక్కడ తగులుతోందో బయటపడుతుంది. అంటే మందు గెలవాలనుకునే మనిషే ముందుగా అది ఓడిపోవాలని కోరుకోవాలన్నమాట. అందుకే ఆమె కోట్లకొద్దీ క్రిములను మందు కలిపిన పళ్లేల మీద పరిచి, రోజూ పొద్దున్నే ఆశగా మూత తీసి చూసేది.

ఇంట్లో అత్తగారి కోరిక ఇందుకు సరిగ్గా వ్యతిరేకం.

"ఇవాళైనా అన్నీ చచ్చాయా?"

"చచ్చాయత్తయ్యా."

"మరి ఆ మొహమేంటే, అయినవాళ్లు పోయినట్టు?"

అప్పుడప్పుడు పళ్లెం మీద ఆవగింజంత చుక్క ఒకటీ అరా మొలిచేది. సాక్ష్యాలమ్మకు దాని మీదా అనుమానమే. ముందు దాన్ని మందు లేని పళ్లెంలోకి మార్చి, హాయిగా పెరగనిచ్చి, ఆ తర్వాతే పరీక్ష పెట్టాలని తనకు తనే నియమం పెట్టుకుంది. మందు లేని పళ్లెంలో తిండికి లోటు లేదు, అడిగేవాడు లేడు. అయినా అక్కడికి మార్చిన ఒక్క క్రిమీ మొలిచేది కాదు. కొన ఊపిరితో మిగిలినవై ఉంటాయిలే అని పారేసేది.

దాంతో డైరెక్టరుగారికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "మా మందును తట్టుకునే క్రిమి భూమ్మీద లేదు" అని విలేకరులకు చెప్పేశారు. ఆ మాట గేటు దగ్గర బోర్డు మీదకీ ఎక్కింది.

"లేదని కాదండీ, మనకింకా దొరకలేదని..." అని ఆమె గొణిగింది.

"రెండూ ఒకటే కదమ్మా" అన్నారాయన.

క్రిములకు తిండి వండి పళ్లేల్లో పోసే మనిషిని అక్కడ వంటాయన అంటారు. ఒకరోజు ఆయన వంటపాత్ర మొరాయించింది. మందు లేని పళ్లేలు నిండుకున్నాయి. సాక్ష్యాలమ్మ చేతిలో అప్పుడే దొరికిన ఆవగింజ చుక్క ఉంది. ఎలాగూ చచ్చేదే, ఎక్కడ పెడితే ఏముందని మందు ఉన్న పళ్లెంలోనే పులిమి పెట్టింది. మర్నాడు చూస్తే పళ్లెం నిండా మీగడ కట్టినట్టు క్రిములు!

ఆ పళ్లెం పట్టుకుని నేరుగా వంటాయన మీదికి వెళ్లింది.

"ఇందులో మందు కలపడం మర్చిపోయారు కదూ?"

"నేనా? ఇన్నేళ్లలో చిటికెడు ఉప్పు కూడా మర్చిపోలేదు."

"మరి ఇవెలా బతికాయి?"

"వాటినే అడగండి. మధ్యలో నన్నడుగుతారేంటి?" అని ఆయన మొహం తిప్పేసుకున్నాడు.

అడగక తప్పలేదు. అదే విడతలో పోసిన ఇంకో పళ్లెం మీద మామూలు క్రిములను వేసింది. అవి ఆనవాలు లేకుండా పోయాయి. అంటే మందు ఉంది. తర్వాత ఆ కొత్త క్రిమిని మందు ఉన్నదాంట్లోనూ, లేనిదాంట్లోనూ పక్కపక్కనే వేసింది. ఉన్నదాంట్లో ఏపుగా పెరిగింది. లేనిదాంట్లో ఏమీ లేదు. పళ్లేల మీద అంటించిన చీటీలు తిప్పి తిప్పి చూసుకుని, చివరికి స్టూలు మీద కూలబడింది. ఈ క్రిమి మందును తట్టుకోవడమే కాదు, మందు లేనిదే బతకలేకపోతోంది. ఏడాదిగా ఇలాంటివాటినన్నిటినీ, క్షేమంగా ఉంటాయని, తనే చేతులారా చావుకు పంపింది.

వంటాయన దగ్గరికి వెళ్లి "తప్పు నాదేనండీ. కాపాడుతున్నాననుకుని చంపేశాను" అంది.

"క్రిముల్ని చంపినందుకు నాకెందుకమ్మా క్షమాపణ?" అన్నాడాయన, ఇంకా అలక తీరక.

ఇంటికి వెళ్లగానే అత్తగారి చేతులు పట్టుకుని గిర్రున తిప్పింది.

"బతికాయత్తయ్యా!"

"నీకు మతిపోయిందా? జీతమిచ్చేది అందుకేనా?"

"పూర్తిగా వినండి. మందు పడకపోతే అది బతకడం లేదు."

"ఓస్, ఇంతేనా? మా తమ్ముడూ అంతే. సాయంత్రమైతే చేతులు వణుకుతాయి వాడికి" అందావిడ తేలిగ్గా.

మిగతా పని చకచకా సాగింది. క్రిమి లోపల ప్రొటీన్లు తయారుచేసే యంత్రంలాంటి భాగం ఒకటుంటుంది. మందు వెళ్లి అందులో ఇరుక్కుని, దాన్ని వదులు చేసి, అడ్డదిడ్డమైన ప్రొటీన్లు చేయిస్తోంది. మామూలు క్రిమి అలాగే చస్తోంది. మొండిదేమో ఆ యంత్రాన్ని ముందే గట్టిగా బిగించేసుకుంది. ఇప్పుడు మందు వచ్చి వదులు చేస్తే తప్ప అది కదలదు.

సంగతి వినగానే డైరెక్టరుగారి మొహం వాడిపోయింది. "బోర్డుకు రంగైనా ఆరలేదు కదమ్మా" అన్నారు. కానీ ఆయన ఊరికే ఆ కుర్చీలోకి వచ్చిన మనిషి కాదు. పెట్టుబడి పెట్టేవాళ్లు వచ్చిన రోజున నిటారుగా నిలబడి, "మా మందు ఎంత గొప్పదంటే, అది లేనిదే క్రిములు కూడా బతకలేవు" అన్నారు. చప్పట్లు మోగాయి. సాక్ష్యాలమ్మ తలదించుకుంది. పట్టి పట్టి చూస్తే ఆ మాటలో అబద్ధం దొరకలేదు మరి.

సరిగ్గా వెతకడం మొదలెట్టాక మొండి క్రిములు కుప్పలుగా దొరికాయి. దాంతో మందు ఆసుపత్రుల దాకా వెళ్లనేలేదు. క్రిమికి మాత్రం గిరాకీ వచ్చింది. తొట్లలో క్రిములను పెంచి వాటితో పని చేయించుకునే కంపెనీలకు, పొరపాటున తప్పించుకుని కాలువలో పడితే, అక్కడ మందు దొరక్క తనంతట తనే చచ్చే క్రిమి బంగారంలాంటిది. ఇప్పుడా మందు టన్నుల్లో తయారవుతోంది, ఆ క్రిమిని మేపడానికే. మూలవిత్తనంగా దాచిన ఆ మొదటి క్రిమి సంతతి సాక్ష్యాలమ్మ సంరక్షణలో ఉంది.

మొన్న చెల్లెలు ప్రసవించిందని చూడ్డానికి వెళ్లి, ఆసుపత్రి వరండాలోంచి వంటాయనకు ఫోను చేసింది.

"ఇవాళ మందు పడిందా? బాగానే ఉందా?"

పక్కనే నిలబడ్డ నర్సు జాలిగా అడిగింది, "ఎవరికండీ, బాగా సీరియస్సా?"

"లేదమ్మా, దుక్కలా ఉంది. ఒక్కపూట మందు తప్పితే మాత్రం దక్కదు."

"ఈ రోజుల్లో ఎవరండీ ఇంత శ్రద్ధగా చూసుకునేది?" అని నర్సు ఆమె భుజం తట్టింది.