ఎండుచేపల దగ్గర క్రాంతి కుమార్

హైదరాబాదులో సొంతంగా బీరు తయారుచేసి అమ్మే చోట, రుచి చూసి ఔననడం క్రాంతి కుమార్ ఉద్యోగం. జ్వరమొచ్చి తగ్గిన ఈ నెల రోజులుగా ఏ గ్లాసు ఎత్తినా అతనికి చప్పగానే ఉంటోంది. "మన బీరు నానాటికీ దిగజారిపోతోంది," అని మీటింగులో అందరి ముందూ అనేశాడు. ఆ ఒక్క మాట మీద, బీరు తయారుచేసే హెప్సిబా ఉద్యోగం ఊడింది.

సెలవు పెట్టి బందరులో అత్తగారింటికి వచ్చాడా, నిన్న స్టౌ మీద పాలు మాడి ఇల్లంతా కంపు కొడితే పక్కనే కూర్చున్న మనిషికి తెలియలేదు. చెడింది బీరా, తన ముక్కా అని అప్పుడు అనుమానమొచ్చింది.

అందుకే పొద్దున్నే ఊరి పక్కనున్న చేపల రేవు గిలకలదిండికి వచ్చాడు. ఎండుచేపల గుట్ట పక్కనుంచి జనం ముక్కులు మూసుకుని దాటిపోతున్నారు. అతను గుప్పెడు తీసి ముక్కుకి ఆనించి గట్టిగా పీల్చాడు. ఏమీ లేదు. మళ్లీ పీల్చాడు. వట్టి గాలి.

"మీరెవరో గట్టోరేనండీ!" అని నవ్విన, చేపలమ్మే మహాలక్ష్మి, అతని మొహం చూసి కంగారుపడింది. "అయ్యో, కూర్చోండి బాబూ, చెమటలు కారిపోతున్నాయి."

ఫోను మోగింది. అవతల యజమాని.

"క్రాంతి గారూ, కొత్త మనిషి చేసిన బీరు రెడీ అయిందండీ. మీరు వచ్చి..."

"చాలా మెరుగైందండీ," అనేశాడు క్రాంతి కుమార్. "హెప్సిబా చేసినదానికన్నా ఎంతో మేలు."



"మీరింకా రుచి చూడలేదు కదండీ?"